ముప్పై ఒక్క సీసీల తేడా

మురున్ ఊరి చివర, గొర్రెల సంత పక్కన
రెండు ముసలి బళ్ళు ముక్కూ ముక్కూ ఆనించి నిలబడ్డాయి.
ఒకటి బూడిదరంగు రష్యన్ ఫుర్గాన్,
పొయ్యిలోంచి అప్పుడే తీసిన రొట్టె ఆకారం.
రెండోది జపాను నుంచి ఓడెక్కి వచ్చిన డెలికా.
తలుపు మీద ఎక్కడిదో పిల్లల బడి పేరు
ఇంకా పూర్తిగా చెరగలేదు.

నేను పశువుల డాక్టర్ని. ఏదైనా రాసి చూసుకుంటే గాని తోచదు.
టీకాల పుస్తకం వెనకట్ట మీద నిలువుగా గీత గీశాను.

ఫుర్గాన్: రెండువేల నాలుగువందల నలభై అయిదు సీసీలు.
డెలికా: రెండువేల నాలుగువందల డెబ్బై ఆరు.
తేడా ముప్పై ఒకటి.
జ్వరమొచ్చిన ఒంటెకి ఒకపూట పొడిచే సూదిమందంత.

ఇటు డెబ్బై అయిదు గుర్రాల బలం, అటు ఎనభై అయిదు.
"వాటిలో ఎర్రవెన్ని, చుక్కలవెన్ని?"
అనడిగాడు ఫుర్గాన్ యజమాని లువ్సన్‌దోర్జ్, నవ్వకుండా.
మావాళ్ళు రంగు చెప్పకుండా గుర్రాన్ని లెక్కపెట్టరు.

ఫుర్గాన్ వంద కిలోమీటర్లకి పదిహేడు లీటర్లు తాగుతుంది.
ఎక్కువేనని తనే ఒప్పుకున్నాడు.
కాకపోతే ఎంత నాసిరకం పోసినా తాగుతుందట,
పెళ్ళింట్లో బాబాయిలాగా.
డెలికా పదకొండుతో సరిపెట్టుకుంటుంది.
కాని జనవరిలో, ఉమ్మి నేలని తాకేలోపే రాయయ్యే రోజుల్లో
దాని డీజిలు నెయ్యిలా పేరుకుంటుంది.
ట్యాంకు కింద మంట పెట్టి కరిగించాలి.
దేవుడి మీద నమ్మకమున్నవాళ్ళు పెడతారు.

డెలికాలో సీట్లు వెనక్కి వాలి మంచాలవుతాయి.
కిటికీ ఒక్క వేలికి దిగుతుంది.
ఫుర్గాన్‌లో ఇంజను డ్రైవరు మోచేతి పక్కనే, రేకు మూత కింద.
పక్కవాడి మాట వినబడదు.
కాని చలికి బిగుసుకుపోయిన గొర్రెపిల్లని
ఆ మూత మీద పడుకోబెడితే
ఇరవై కిలోమీటర్లలో లేచి అరుస్తుంది. చూశాను.
దీనికి ఏ కంపెనీ కాగితంలోనూ గడి లేదు.

డెలికా కుర్రాడు తుముర్‌ఖుయాగ్ తాళం చేతికిచ్చాడు.
స్టీరింగు కుడిపక్క. మా దారులూ కుడిపక్కనే నడుస్తాయి.
ముందొక లారీ, దాని వెనక దాని దుమ్ము.
దాటాలంటే ఎడమ సీట్లో ఒకరుండి
తల బయటపెట్టి చూసి చెప్పాలి:
"ఆగు... ఆగు... ఊఁ, ఇప్పుడు."
మా ఆఫీసు పాత జపాను బండిలో
పదకొండేళ్ళు ఆ మాట చెప్పింది గెందెన్.
పోయిన ఏడు ఆకులు రాలేవేళ గుండె ఆగింది.
ఇంట్లో, నిద్రలో, ఏ లారీ ఎదురురాని చోట.
నాలుగు కిలోమీటర్లు ఆ దుమ్ము తింటూ నడిపి
వెనక్కి తిప్పుకొచ్చాను.

తర్వాత ఫుర్గాన్. బ్యాటరీ చచ్చింది.
లువ్సన్‌దోర్జ్ ఏమాత్రం సిగ్గుపడలేదు.
సీటు కిందనుంచి వంకర ఇనపకడ్డీ తీశాడు.
ముందు నిలబడి తిప్పడానికి ఒకరు,
లోపల యాక్సిలరేటరు తొక్కిపట్టడానికి ఒకరు.

గీతకి అటూ ఇటూ, అట్ట అడుగున
ఒకటే రాశాను:
ఇంకో మనిషి.

సరంగూ కొత్తగా వేసిన సహాయకురాలు. పందొమ్మిదేళ్ళు.
వచ్చి ఆరువారాలైనా నాతో ముప్పై మాటలు ఆడలేదు.
ముసలాయన చేతిలోంచి కడ్డీ లాక్కుంది.
బొటనవేలు మిగతా వేళ్ళ పక్కకే చేర్చి పట్టింది,
ఎదురుతన్నినా విరగకుండా. ఎవరు నేర్పారో.
మూడో తిప్పుకి ఇంజను దగ్గింది,
నాలుగోదానికి సంతలో గొర్రెలన్నీ తలలు తిప్పాయి.

బేరం దగ్గర మళ్ళీ గంట పట్టింది.
పాత కార్బ్యురేటరొకటి, రెండు ట్యూబులు కొసరు.
లువ్సన్‌దోర్జ్ భార్య వచ్చి చక్రాల మీద పాలు చల్లి
ఫుర్గాన్ కేసి కాక అటువైపు కొండ కేసి చూస్తూ నిలబడింది.

ఏరు దాటాక ఎగుడుదిగుడు రాళ్ళలో
సరంగూ ఏదో అంది. ఆ మోతలో వినబడలేదు.
చెవి దగ్గరికొచ్చి అరిచింది:
"డెబ్బై అయిదూ బూడిదవే, డాక్టర్!"